ఆవర్తన పట్టిక చెప్పాలంటే ముందు చార్టును బీరువాలో పెట్టండి

నేను నల్లగొండ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పందొమ్మిదేళ్లయింది. మొదటి ఆరేడేళ్లు ఆవర్తన పట్టికను అందరిలాగే చెప్పాను. గోడకు రంగుల చార్టు తగిలించడం, స్కేలు పెట్టి ఈ నిలువు వరసలు గ్రూపులు, ఈ అడ్డ వరసలు పీరియడ్లు అని చూపించడం, మొదటి 20 మూలకాలు చూడకుండా రాయించడం. పిల్లలు రాసేవాళ్లు కూడా. ఒకరోజు ఒక పిల్లవాడు ఇరవై మూలకాలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. నాకు ముచ్చటేసింది. బల్ల మీదున్న కరెంటు తీగ చూపించి "మరి ఇదేంట్రా?" అన్నాను.

"వైరు మేడం."

"లోపల?"

"రాగి."

"చార్టులో ఎక్కడుందో చూపించు."

వాడు చార్టు వైపు కూడా చూడలేదు. "అది చార్టుల ఉండదు మేడం. అది రాగి గదా!"

వాడి తప్పేం లేదు. చార్టులో ఉండేవి పరీక్షకు, ఇంట్లో ఉండేవి ఇంటికి అని వాడికి తెలియకుండానే నేర్పింది నేనే. ఆ తర్వాతి ఏడాది నుంచి చార్టు ఐదో పీరియడ్‌లో గానీ బయటికి తీయడం లేదు. పదో తరగతిలో ఈ పాఠం ఎలాగూ ఉంది. నేను మాత్రం తొమ్మిదిలోనే, పరమాణువుల పాఠాలు అయిపోయాక ఐదు పీరియడ్లు దీనికి కేటాయిస్తాను. సిలబస్ టెన్షన్ ఉన్నవాళ్లు మూడింటిలో ముగించుకోవచ్చు. కార్డుల ఆటను మాత్రం కుదించకండి, దాని గురించి కిందే చెబుతాను.

ఇంటి నుంచి ఒక మూలకం

ముందురోజు ఇచ్చే హోంవర్క్ ఒక్కటే: "మీ ఇంట్లో దొరికే మూలకం ఒకటి తీసుకురండి. బంగారం, వెండి వద్దు." ఆ రెండో వాక్యం తప్పకుండా చెప్పండి. ఒక ఏడాది చెప్పలేదు. ఒకమ్మాయి వాళ్లమ్మ కమ్మలు తెచ్చింది, ఇంటర్వెల్‌లో ఒకటి కనబడకుండా పోయింది. అది దొరికేదాకా ఆ రోజు ఏ పాఠమూ జరగలేదు.

పిల్లలు తెచ్చేవి దాదాపు ప్రతి ఏడాదీ అవే: మేకులు, రాగి తీగ, బొగ్గు, ఉప్పు, కర్పూరం, స్టీలు గ్లాసు, ఇత్తడి చెంబు, "సిల్వర్" గిన్నె. అన్నీ బల్ల మీద పేర్చి, మూలకం అనుకున్నవి ఒక పక్కకు, కాదనుకున్నవి ఇంకో పక్కకు జరపమనండి. మీరు నోరు మెదపకండి. పావుగంట గోల జరుగుతుంది, జరగనివ్వండి. ఉప్పు దగ్గర పెద్దగా గొడవ ఉండదు, అందులో రెండున్నాయని ఎవరో ఒకరికి గుర్తుంటుంది. అసలు గొడవంతా ఇత్తడి చెంబు దగ్గరే. చూడ్డానికి ఒకే రంగు, ఒకే లోహం, మరి మూలకం ఎందుకు కాదు? అందులో రాగి, జింకు కలిసి ఉన్నాయని చెప్పడంతో పాటు పక్కనే రాగి తీగ, పాత టార్చి సెల్లు పైడొక్క పెట్టి చూపిస్తాను. సాదా కార్బన్-జింకు సెల్లుకు పైడొక్క జింకే, మధ్యలో నల్ల కడ్డీ కార్బన్. సెల్లు మీరే ఇంట్లో విప్పి, కడిగి తెండి. పిల్లలతో విప్పించకండి. ఫోన్ బ్యాటరీ జోలికైతే అసలు పోవద్దని గట్టిగా చెప్పండి, చూసింది ఇంటికెళ్లి చేసేవాళ్లు ప్రతి క్లాసులో ఇద్దరుంటారు.

ఇక సిల్వర్ గిన్నె. మన ఇళ్లలో అన్నం వండే తెల్ల గిన్నెను అందరం సిల్వర్ గిన్నె అనే అంటాం. అది అల్యూమినియం. పిల్లలు దాన్ని నమ్మకంగా "వెండి, ఏజీ" అని పక్కన పెడతారు. "అయితే ఈ గిన్నె అమ్మితే ఎంతొస్తుంది?" అని అడగండి చాలు. ఆ గిన్నెను దాచిపెట్టుకోండి, ఐదో పీరియడ్‌లో మళ్లీ పనికొస్తుంది.

బొగ్గు, పెన్సిల్ ముల్లు రెండింటినీ పిల్లలు కార్బన్ అంటారు. ముల్లులో గ్రాఫైట్‌తో పాటు మట్టి కూడా ఉంటుంది, బొగ్గులో బూడిదయ్యే సరుకు ఉంటుంది. నేను వీటిని "దాదాపు" అనే మూడో కుప్పలో పెట్టిస్తాను. ఇంత చిన్న వయసులో ఈ చాదస్తం ఎందుకని మా స్టాఫ్‌రూమ్‌లో అంటుంటారు. పెట్టించాల్సిందేనని నా అభిప్రాయం.

మాది వ్యవసాయం చేసుకునే ఊరు కాబట్టి ఎరువు బస్తా ఒకటి నేనే తెస్తాను, ఖాళీది. 20-20-0-13 అని దాని మీద రాసి ఉంటుంది. "ఇది మా బాపు చేన్ల ఏస్తడు" అని సగం మంది అంటారు. ఆ అంకెలేంటో మాత్రం ఎవరూ చెప్పలేరు. మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాషియం, నాలుగోది గంధకం. వంద కిలోల్లో ఎంత అన్న లెక్క. (భాస్వరం, పొటాషియం అంకెలు వాటి ఆక్సైడ్ లెక్కలో వేస్తారు, మూలకం లెక్కలో కాదు. ఎవరైనా అడిగితేనే చెప్పండి.) వరికి వేసే జింక్ సల్ఫేట్ సంగతి కూడా పిల్లలే చెబుతారు. అప్పటిదాకా సైన్సులో వెనకబడిన పిల్లలు ఆ పదినిమిషాలు నాకే పాఠం చెబుతారు.

పేర్లు, గుర్తులు

దీని మీద అరపీరియడ్ మించి పెట్టను. అడిగే ప్రశ్న ఒకటే: సోడియానికి ఎస్ఓ అని కాకుండా ఎన్ఏ అని ఎందుకు? ఇనుముకు ఎఫ్ఈ ఏంటి? నాట్రియం, ఫెర్రం అనే లాటిన్ పేర్లు చెబితే పిల్లలు తలూపుతారు గానీ వాళ్లకు ఎక్కదు. నేను రైల్వే స్టేషన్ కోడ్‌తో చెబుతాను. చెన్నై సెంట్రల్ కోడ్ ఇప్పటికీ ఎంఏఎస్, అంటే మద్రాస్. ఊరి పేరు మారింది, టికెట్ మీద కోడ్ మారలేదు. రాగికి సీయూ, బంగారానికి ఏయూ, వెండికి ఏజీ, పొటాషియానికి కే, అన్నీ ఇలాంటి పాత టికెట్లే. ఇలాంటివి మొత్తం పదకొండే ఉన్నాయి, అవి ఒకచోట రాసుకుంటే చాలు. రెండో అక్షరం ఎప్పుడూ చిన్న బడిలోనే రాయాలని కూడా ఇక్కడే పట్టుబట్టండి. కోబాల్ట్ గుర్తులో రెండో అక్షరం పెద్దది రాస్తే అది కార్బన్ మోనాక్సైడ్ అయిపోతుంది.

శుభలేఖల ఆట

ఇక అసలు పని ఇది. దీనికి రెండు పీరియడ్లు ఇవ్వండి.

మందపాటి శుభలేఖలు కోస్తే వెనకవైపు తెల్లగా, గట్టిగా మంచి కార్డులొస్తాయి. నా క్లాసులో 34 మంది. ఏడు జట్లు చేస్తాను, జట్టుకు 15 కార్డులు, మొత్తం 105. ఒక్కో కార్డు మీద ఒక మూలకం: లిథియం 7, బెరీలియం 9, బోరాన్ 11, కార్బన్ 12, నత్రజని 14, ఆక్సిజన్ 16, ఫ్లోరిన్ 19, సోడియం 23, మెగ్నీషియం 24, అల్యూమినియం 27, భాస్వరం 31, గంధకం 32, క్లోరిన్ 35.5, పొటాషియం 39.1, కాల్షియం 40.1. ఆ అంకెలు పరమాణు భారాలు. హైడ్రోజన్‌ను నేను పక్కన పెడతాను, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది పెద్దవాళ్లకే తగవు.

భారం కింద "చేతులు" అని ఇంకో అంకె రాయండి. ఆ మూలకం ఎన్ని హైడ్రోజన్‌లను గానీ క్లోరిన్‌లను గానీ పట్టుకుంటుందో ఆ సంఖ్య. లిథియంకు 1, బెరీలియంకు 2, బోరాన్‌కు 3, కార్బన్‌కు 4, నత్రజనికి 3, ఆక్సిజన్‌కు 2, ఫ్లోరిన్‌కు 1. సోడియం నుంచి మళ్లీ 1, 2, 3 అని మొదలు. దాని కింద ఒక్క ముక్కలో స్వభావం: "మెత్తటి లోహం, నీళ్లలో వేస్తే ఎగిరిపడుతుంది", "పసుపు పొడి, కాలిస్తే ఘాటు", అలా.

పరమాణు సంఖ్య, అంటే పట్టికలో మూలకం వరస నంబరు, మాత్రం రాయకండి. నేను మొదటిసారి రాశాను. పిల్లలు 3, 4, 5 అని వరసగా పేర్చేసి మూడు నిమిషాల్లో చేతులు దులుపుకున్నారు.

పై లిస్టులో సిలికాన్ లేదని మీరు గమనించే ఉంటారు. అది కావాలనే. ఆ ఏడు కార్డులు నా పర్సులో ఉంటాయి.

పిల్లలకు చెప్పేది రెండే మాటలు. తేలిక నుంచి బరువుకు వరసగా పేర్చండి. ఒకే రకంవి ఒకదాని కింద ఒకటి వచ్చేలా వరసను ఎక్కడ విరగ్గొట్టాలో మీరే చూసుకోండి. ఇక మీరు జట్ల మధ్య తిరుగుతూ ఉండండి, సాయం చేయకండి.

కాసేపటికి ఎవరో ఒకరు చేతుల అంకెలు పైకి చదువుతారు: ఒకటి, రెండు, మూడు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. మెట్లెక్కి దిగినట్టుందని వాళ్లకే తెలుస్తుంది. సోడియం దగ్గర మళ్లీ ఒకటి రాగానే దాన్ని లిథియం కిందికి తెస్తారు. పాట నేర్చుకునే పిల్ల ఉంటే సరిగమపదని తర్వాత మళ్లీ స వచ్చినట్టుంది అంటుంది. 1865లో ఇంగ్లండ్‌లో న్యూలాండ్స్ అన్నదీ అదే. ఎనిమిదో మూలకం మొదటిదాన్ని పోలి ఉంటుందన్నాడు. అందరూ ఎగతాళి చేశారు. నిజానికి కాల్షియం దాటాక ఆయన లెక్క తప్పుతుంది కూడా.

రెండో వరసలో సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం చక్కగా కుదురుతాయి. ఆ తర్వాత భాస్వరాన్ని తెచ్చి కార్బన్ కింద పెడతారు, గంధకం నత్రజని కిందికి వస్తుంది, క్లోరిన్ ఆక్సిజన్ కిందికి వస్తుంది. చివరికి పొటాషియం ఫ్లోరిన్ కింద పడుతుంది. ఇక్కడ జట్టులో ఎవరికో ఒకరికి మండుతుంది. కత్తితో కోస్తే తెగే లోహం విషవాయువు కింద ఏంటి? నాలుగు చేతుల కింద మూడు చేతులేంటి? కార్డులన్నీ లాగేసి మళ్లీ పేరుస్తారు, మళ్లీ అక్కడే ఆగిపోతారు. కొన్ని జట్లు భారాల వరస తప్పించి సర్దేద్దామని చూస్తాయి. మీరు వద్దనండి.

ఏడు జట్లలో ఏ రెండో మూడో ఒక చోట ఖాళీ వదులుతాయి. మొదటిసారి ఇది చేసినప్పుడు ఒకమ్మాయి భాస్వరాన్ని ఒక గడి పక్కకు జరిపి, ఆ ఖాళీలో తన రబ్బరు పెట్టి, నన్ను పిలిచి నిలదీసింది: "మేడం, మీరు మాకు కార్డు తక్కువ ఇచ్చిన్రు."

కార్డు వెంటనే ఇవ్వకండి. "ఆ కార్డు మీద ఏం రాసి ఉంటుందో నువ్వే చెప్పు" అనండి. అల్యూమినియం 27, భాస్వరం 31, మధ్యది 29 అంటారు. చేతులు నాలుగు. కార్బన్ కిందిది కాబట్టి గట్టి పదార్థం. నోటుబుక్కులో రాయించి, అప్పుడు పర్సు తెరవండి. సిలికాన్, 28, నాలుగు చేతులు. మూసీ ఇసుకలో ఉండేది, మీ అన్న ఫోన్ చిప్పులో ఉండేది ఇదేనని చెప్పండి. ఒక్క అంకె తేడాతో సరిగ్గా చెప్పిన జట్టు ఆ రోజు నేల మీద నడవదు.

మెండలీవ్ కథ అప్పుడు చెప్పండి, ముందు కాదు. 1869లో ఆయన చేతిలో 63 మూలకాలే ఉన్నాయి. ఆయనా కార్డులే పేర్చాడు, ఆయనా ఖాళీలు వదిలాడు. ఖాళీల్లో రావాల్సినవాటికి ఏకా అల్యూమినియం, ఏకా సిలికాన్, ఏకా బోరాన్ అని పేర్లు పెట్టాడు. ఏక అంటే ఏంటో మన పిల్లలకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక రష్యన్ శాస్త్రవేత్త సంస్కృతం వాడాడంటే నమ్మరు, పుస్తకం తెరిచి చూపించాల్సి వస్తుంది. ఏకా అల్యూమినియం భారం దాదాపు 68 ఉంటుందన్నాడు. 1875లో ఫ్రాన్స్‌లో గాలియం దొరికింది, దాని భారం 69.7. దాన్ని కనిపెట్టిన బోయిబోద్రాన్ సాంద్రత 4.7 అని కొలిస్తే, మెండలీవ్ అది 5.9 దగ్గర ఉండాలి, మళ్లీ కొలవండని రాశాడు. మళ్లీ కొలిస్తే 5.9 వచ్చింది. ఆ లోహాన్ని కళ్లతో చూడని మనిషి, చేత్తో పట్టుకున్న మనిషిని దిద్దాడన్నమాట. గాలియం 29.8 డిగ్రీలకే కరుగుతుంది. మే నెలలో మా నల్లగొండలో అది నీళ్లలాగే ఉంటుందంటే పిల్లలు పడీ పడీ నవ్వుతారు.

ఆట ఇక్కడితో ఆపేయకండి, ఇంకో రెండు కార్డులున్నాయి. నియాన్ 20.2, ఆర్గాన్ 39.9. చేతులు సున్నా. నియాన్‌ను ఫ్లోరిన్‌కూ సోడియానికీ మధ్యన పెట్టేస్తారు, మెట్ల లెక్క ఇంకా అందంగా వస్తుంది: మూడు, రెండు, ఒకటి, సున్నా, మళ్లీ ఒకటి. ఆర్గాన్ దగ్గర ఇరుక్కుంటారు. బరువు చూస్తే అది పొటాషియం తర్వాత రావాలి. అలా పెడితే పొటాషియం నియాన్ కిందికి, ఎవరితోనూ కలవని ఆర్గాన్ సోడియం కిందికి వస్తాయి. "కార్డు మీద భారం తప్పు రాసిన్రు మేడం" అంటారు. మెండలీవ్ కూడా ఇలాంటి చోటే, టెల్లూరియం అయోడిన్ల దగ్గర, భారం కొలవడంలోనే తప్పుందనుకున్నాడు. తప్పు అక్కడ లేదు.

"ప్రార్థనలో ఎత్తు ప్రకారం నిలబడతారు కదా, హాజరు కూడా అలాగే పిలుస్తానా?" అని అడుగుతాను. రోల్ నంబరుతో పిలుస్తాను. మూలకం రోల్ నంబరు దాని ప్రోటాన్ల సంఖ్య, దాన్నే పరమాణు సంఖ్య అంటాం. ఆర్గాన్‌కు 18, పొటాషియానికి 19. ఆర్గాన్ ఎక్కువగా 22 న్యూట్రాన్లు మోస్తుంది, పొటాషియం ఎక్కువగా 20, అందుకే వెనక ఉండాల్సింది బరువులో ముందుకొచ్చింది. ఈ రోల్ నంబర్లను ఎక్స్-కిరణాలతో 1913లో పట్టుకున్నవాడు ఇంగ్లండ్ శాస్త్రవేత్త మోస్లీ. రెండేళ్లకే మొదటి ప్రపంచ యుద్ధంలో గాలిపోలి దగ్గర చనిపోయాడు, 27 ఏళ్లకు. ఇప్పుడు పెన్నులు తీసి అన్ని కార్డుల మీదా పరమాణు సంఖ్యలు రాసుకోమనండి. (ఆట అయ్యాక కార్డులు మళ్లీ వాడుకోవాలంటే పెన్సిల్ ఇవ్వండి. నాకు ఈ బుద్ధి ఆలస్యంగా వచ్చింది.)

చార్టు తీసే రోజు

పిల్లలు తాము పేర్చిన మూడు వరసలను చార్టులో వెతుక్కుంటారు. బోరాన్ దగ్గర చార్టు ఎందుకు చీలి ఉందని అడుగుతారు, మధ్యలో కాల్షియం తర్వాత నుంచి వచ్చే లోహాలకు చోటు కావాలని చెప్పి వదిలేయండి. వరసల పొడవు 2, 8, 8, 18, 18, 32, 32 అని రాసుకోమనండి. కారణం పదో తరగతిలో వస్తుంది.

క్యాలెండర్ పోలిక చాలామంది చెబుతారు, బాగానే ఉంటుంది. సోమవారం కింద మళ్లీ సోమవారమే వస్తుంది. అయితే మా ఇంటి తెలుగు క్యాలెండర్‌లో వారాల పేర్లు పక్కన నిలువుగా ఉండి తేదీలు పైనుంచి కిందికి దిగుతాయి, పట్టికలో సంఖ్యలు అడ్డంగా పోతాయి. పిల్లలు తికమకపడతారు. ముందే చెప్పేయండి.

ఇప్పుడు సిల్వర్ గిన్నె. సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం పక్కపక్కనే ఉన్నాయి. గాజు తొట్టిలో నీళ్లు పోసి, రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ద్రవం) వేసి, కిరోసిన్‌లో దాచిన సోడియం నుంచి బియ్యపు గింజంత ముక్క పొడిగా తుడిచి వేయండి. ముక్క చిటపటమని నీళ్ల మీద పరిగెడుతుంది, వెనకే గులాబీ రంగు చార. బియ్యపు గింజ అన్నాను, పల్లీ గింజ కాదు. పల్లీ గింజంత వేసి నేను ఒక తొట్టి పగలగొట్టాను. కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లలను రెండు మీటర్ల దూరంలో నిలబెట్టండి. పొటాషియం నేను ముట్టుకోను, వీడియో చూపిస్తాను. మెగ్నీషియం తీగను గరుకు కాగితంతో రుద్ది వేడినీళ్లలో వేస్తే నెమ్మదిగా బుడగలు, లేత గులాబీ. అల్యూమినియంకు ప్రయోగమే అక్కర్లేదు, ఆ గిన్నెలో రోజూ ఎసరు పెడుతున్నాం. వరసలో కుడివైపు వెళ్లేకొద్దీ నీళ్లతో గొడవ తగ్గిందని పిల్లలే అంటారు. అల్యూమినియంను దాని మీది ఆక్సైడ్ పొర కూడా కాపాడుతుందనే మాట తర్వాత కలుపుకోవచ్చు.

17వ గ్రూపు దగ్గర మాకు వేరే పాఠం అక్కర్లేదు. క్లోరిన్ వాసన బావిలో వేసే బ్లీచింగ్ పౌడర్‌లో తెలుసు, అయోడిన్ ఉప్పు ప్యాకెట్ మీద చదివారు. వాటి పైన కూర్చున్న ఫ్లోరిన్ పేరు ఈ జిల్లాలో ముసలివాళ్లకు కూడా తెలుసు. మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ తాగారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అది కాల్షియంతో కలవడానికి ఉరుకుతుంది, మన ఒంట్లో కాల్షియం ఉండేది ఎముకల్లో, పళ్లలో. కాల్షియం కార్డుకు రెండు చేతులు, ఫ్లోరిన్‌కు ఒకటి, ఎన్ని ఫ్లోరిన్ కార్డులు కావాలో పేర్చి చూపమనండి. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరుందని చెబితే, మా ఊరి పేరా అని ఆశ్చర్యపోతారు. ఒక్క జాగ్రత్త. ఈ పాఠంలో ఏ పిల్ల పళ్ల వైపూ చూడకండి. ఉదాహరణ అడగకండి. కావాలనుకుంటే వాళ్లే ఇంట్లో తాతయ్య గురించి చెబుతారు.

చివరి నిలువు వరసకు గుంటూరు కథ ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. ఆ గ్రహణంలో, ఆ తర్వాత కొద్ది వారాల్లో, సూర్యుడి వెలుగులో ఒక పసుపు గీత కనబడింది. అది సోడియంది కాదని ఇంగ్లండ్‌లో లాకియర్ తేల్చి, సూర్యుడి గ్రీకు పేరుతో హీలియం అన్నాడు. భూమి మీద దాన్ని రామ్సే 1895లో గానీ పట్టుకోలేదు. గుంటూరు గ్రహణం మరుసటి ఏడాదే పట్టిక వేసిన మెండలీవ్, ఈ కుటుంబానికి ఖాళీ కూడా వదల్లేదు. ఆయన వదిలిన ఖాళీలు నిండినందుకు మెచ్చుకున్న పిల్లలు దీనికి కాస్త నిరాశపడతారు. పడనివ్వండి.

పరీక్ష పెట్టాలనుకుంటే 118 పేర్లు అడగకండి. మూడు వరసల ఖాళీ గడులు గీసి, ఒక గడిలో ప్రశ్నార్థకం వేసి, చుట్టుపక్కల నాలుగు మూలకాల వివరాలిచ్చి, ఆ గడిలో ఉన్నదాని భారం, చేతులు ఊహించమనండి. మొదటి ఇరవై పేర్లంటారా, కార్డులు పేర్చీ పేర్చీ సగం మందికి వచ్చేసి ఉంటాయి. మిగతావాళ్లకు పదిలో వస్తాయి.

కార్డుల కోసం మాఘమాసం పెళ్లిళ్లు అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో ఒక డబ్బా పెట్టండి, నెలలో నిండిపోతుంది. మెరుపు కాగితం అంటించినవి వద్దు, పెన్ను ఆనదు. ఇంకో సంగతి. పోయిన ఏడాది ఆట మొదలుపెట్టగానే చివరి బెంచీ పిల్లవాడు పక్కవాడి చెవిలో "మేడం పర్సుల ఒకటి దాస్తది, మా అక్క చెప్పింది, నాలుగు చేతులది" అనడం నాకు వినబడింది. అందుకే ఈసారి సిలికాన్‌ను కార్డుల్లోనే కలిపి, అల్యూమినియం దాస్తున్నాను. పర్సులో కాదు, ఆ సిల్వర్ గిన్నె కింద.